పాత అమెరికన్ రివాల్వర్ల కలెక్షన్ మొదలుపెడుతున్నా: మెరిసే స్మిత్ అండ్ వెసన్ తీసుకోనా, గోధుమ రంగుకి తిరిగిన కోల్ట్ తీసుకోనా?

కొత్త_కలెక్టర్_టెక్సస్:

అందరికీ నమస్తే. 19వ శతాబ్దం అమెరికన్ రివాల్వర్లంటే నాకు చాలా ఇష్టం, కాల్చడానికి కాదు, ఆ పనితనం కోసం. నేను చేసేది మెషిన్ డిజైన్ ఉద్యోగం కాబట్టి 1850ల్లో కంప్యూటర్లు లేని రోజుల్లో వేలకి వేలు ఒకే కొలతతో పార్టులు ఎలా చేశారా అని ఎప్పటినుంచో ఆశ్చర్యం. ఇన్నాళ్లూ మ్యూజియంలలో అద్దాల వెనక చూడటమే, ఇప్పుడు సిటిజెన్‌షిప్ కూడా వచ్చింది, సొంతంగా ఒకటి కొని చిన్న కలెక్షన్ మొదలుపెట్టాలని ఉంది. బడ్జెట్ 1000 డాలర్ల దాకా.

మొన్న గన్ షోలో ఒకే టేబుల్ మీద రెండు కనిపించాయి. ఒకటి స్మిత్ అండ్ వెసన్ .38 డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితే హ్యామర్ దానంతటదే లేచి పడేది), టాప్ బ్రేక్ (లాచ్ ఎత్తితే బ్యారెల్ కిందికి వంగేది), నికెల్ పూత, అద్దంలా మెరుస్తోంది, 450 డాలర్లు చెప్పాడు. రెండోది కోల్ట్ 1849 పాకెట్ మోడల్, .31 క్యాలిబర్, 5 రౌండ్లది, మొత్తం గోధుమ రంగుకి తిరిగిపోయింది, అక్కడక్కడా చిన్న గుంటలు, దానికి 850 అంటున్నాడు. నా కంటికైతే మొదటిదే బాగుంది, పైగా రేటు సగం. రెండోది ఒకప్పుడు ఎవరో మార్షల్ (పాతకాలం పోలీసు అధికారి) దగ్గర ఉండేదని అమ్మేవాడు పెద్ద కథే చెప్పాడు. వచ్చే శనివారం దాకా రెండూ పక్కన పెడతానన్నాడు.

రెండిట్లో ఏది తీసుకోవాలి? లైసెన్స్ లాంటిదేమైనా కావాలా? కోల్ట్ తీసుకుంటే ఆ గోధుమ రంగు పోగొట్టి మళ్లీ బ్లూయింగ్ (లోహానికి తెచ్చే నీలి నలుపు రంగు) చేయించొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

---

పాత_ఇనుము:

బ్రో ముందు నీ ఆఖరి ప్రశ్నకి జవాబు: వద్దు, వద్దే వద్దు. ఆ గోధుమ రంగునే మనం ప్యాటినా అంటాం, నూటయాభై ఏళ్లకి పైగా గాలి, చేతి చెమట, నూనె కలిసి తెచ్చిన రంగు అది, దాన్ని గీకేసి కొత్త బ్లూయింగ్ కొట్టించావంటే నువ్వు పెట్టిన డబ్బులో సగం ఆ పూటే పోతుంది, డబ్బు సంగతి వదిలేసినా ఆ లోహం మీద ఉన్న ఒరిజినల్ పని మళ్లీ ఎవరూ తీసుకురాలేరు.

ఇప్పుడు స్మిత్ సంగతి. నువ్వు మళ్లీ వెళ్లినప్పుడు ఒక్కటే చూడు, హ్యామర్, ట్రిగ్గర్ ఏ రంగులో ఉన్నాయో. స్మిత్ అండ్ వెసన్ ఫ్యాక్టరీ నికెల్ గన్ల మీద హ్యామర్‌కీ ట్రిగ్గర్‌కీ మామూలుగా నికెల్ వేసేవాళ్లు కాదు, వాటికి కేస్ హార్డెనింగ్ (వేడి చేసి పై పొరని గట్టిపరచడం) చేసి వదిలేసేవాళ్లు, నీలం, బూడిద, గోధుమ కలిసిన మబ్బుల్లాంటి రంగులు ఉండేవి, ఇప్పటికి అవి వెలిసిపోయి బూడిద రంగులో కనిపిస్తాయి. హ్యామర్, ట్రిగ్గర్ కూడా మిగతా గన్‌తో పాటు తళతళా మెరుస్తుంటే అది తర్వాత ఎవరో ప్లేటింగ్ షాపులో ముంచి తీసినది, దాదాపు ఖాయం. తర్వాత బ్యారెల్ మీద పేటెంట్ తేదీల అక్షరాలు చూడు, అంచులు పదునుగా ఉన్నాయా లేక మెత్తబడి నికెల్ కింద పూడుకుపోయినట్టున్నాయా. స్క్రూల చుట్టూ చూడు, రంధ్రం అంచు గిన్నెలా లోపలికి వంగి ఉంటే బఫింగ్ వీల్ మీద పెట్టారని అర్థం. నికెల్ కింద గుంటలు కనిపిస్తే, అంటే గుంట లోపల కూడా నికెల్ మెరుస్తుంటే, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు, తుప్పు ముందు పట్టింది, నికెల్ తర్వాత వచ్చింది.

కోల్ట్ విషయానికొస్తే సిలిండర్ చూడు. 1849 పాకెట్ సిలిండర్ చుట్టూ దొంగలు స్టేజ్‌కోచ్‌ని అడ్డగించే బొమ్మ ఉంటుంది. వాటర్‌మన్ ఓర్మ్స్‌బీ అనే చెక్కడపు పనివాడు చేసిన డిజైన్ అది, ఉక్కు డై మీద చెక్కి ఆ డైని సిలిండర్ మీద నొక్కి దొర్లించేవాళ్లు. కోల్ట్ నేవీ అనే ఇంకో మోడల్ మీదైతే 1843 మే 16న మెక్సికోలోని క్యాంపీచీ దగ్గర జరిగిన నౌకాయుద్ధం ఉంటుంది, అదీ ఆయనదే. ఈ బొమ్మ లోతు చాలా తక్కువ, ఎవరైనా ఎమెరీ కాగితంతో రుద్దితే అన్నిటికన్నా ముందు పోయేది ఇదే. అందుకే గన్ గోధుమ రంగులో ఉండి గుర్రాల కాళ్లు, బండి చక్రాలు ఇంకా కనిపిస్తున్నాయంటే దాని జోలికి ఎవరూ పెద్దగా పోలేదని. గన్ తెల్లగా శుభ్రంగా ఉండి బొమ్మ మాయమైందంటే ఎవరో బాగా రుద్దేశారు.

ఇంకో మాట, నువ్వు ఒకే కొలతతో పార్టులు అన్నావు కదా. కోల్ట్ హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ, అక్కడ సూపరింటెండెంట్ ఎలీషా రూట్ పెట్టించిన మెషిన్లు ఆ కాలానికి అద్భుతమే, కానీ మెషిన్ మీద నుంచి వచ్చిన పార్టు నేరుగా వేరే గన్‌లో కూర్చునేది కాదు. మెత్తగా ఉండగానే ఆకురాయితో చేత్తో అరగదీసి ఒకదానికొకటి సరిపోయేలా చేసి, అప్పుడు అన్నిటి మీదా ఒకే సీరియల్ నంబర్ కొట్టేవాళ్లు, ఎందుకంటే తర్వాత గట్టిపరచడానికి ఒకటి ఒకచోటికి, బ్లూయింగ్‌కి ఇంకోటి ఇంకోచోటికి పోతాయి, తిరిగొచ్చాక ఏ సెట్ ఏదో తెలియాలి కదా. ఈరోజు మనం మ్యాచింగ్ నంబర్లు అని అంత పట్టింపుగా చూసేది దీన్నే. ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డ్, బ్యాక్‌స్ట్రాప్ (గ్రిప్ వెనక పట్టీ), బ్యారెల్ కింద ముక్క, సిలిండర్, లోడింగ్ లీవర్ (గుండుని గదిలోకి నొక్కే కడ్డీ), మధ్యలో ఇరుసు, వెడ్జ్ (బ్యారెల్‌ని పట్టి ఉంచే చీల), ఇవన్నీ ఒక్కోటీ చదివి ఫోటోలు పెట్టు, అప్పుడు చెప్తా.

---

31_క్యాలిబర్:

పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది, అది ఎవరూ చెప్పలేదు. ఆ కోల్ట్ లోడ్ అయి ఉందేమో చూడండి. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. ఈ పెర్కషన్ రివాల్వర్లలో మందు, గుండు ముందు నుంచి కూరతారు, వెనక నిపుల్ అనే చిన్న గొట్టం మీద, హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించే క్యాప్ పెడతారు. క్యాప్ తీసేసి డ్రాయర్లో పడేసినవి తరాల తరబడి లోపల మందుతోనే ఉండిపోతాయి, బ్లాక్ పౌడర్ పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది.

చూడటం తేలికే. ముందు నిపుల్స్ మీద క్యాప్‌లు లేవని చూసుకోవాలి. అమ్మేవాణ్ణే వెడ్జ్ తోసి బ్యారెల్ తీయమనండి, సిలిండర్ బయటికి వస్తుంది, ముందు వైపు నుంచి ఒక్కో గదిలో సన్నటి చెక్క పుల్ల పెట్టి ఎంత లోతు దిగిందో గోటితో గుర్తు పెట్టుకోండి, ఐదూ ఒకే లోతు దిగాలి, ఆ లోతు దాదాపు నిపుల్ మొదలు దాకా ఉండాలి. ఏదైనా ఒకటి తక్కువ దిగితే అందులో ఏదో ఉంది. గీకొద్దు, డ్రిల్ పెట్టొద్దు, పాత గన్లు తెలిసిన గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలి అంతే.

వెడ్జ్ తీసేటప్పుడు అమ్మేవాడు ఉక్కు సుత్తితో కొట్టబోతే ఆపండి. చెక్క ముక్క గానీ ప్లాస్టిక్ సుత్తి గానీ వాడాలి, లేదంటే వెడ్జ్ అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి, అలా విచ్చుకుని ఉన్నవి ఎన్ని చూశామో.

---

ఒహాయో_అక్క:

లైసెన్స్ గురించి నేను చెప్తాను, ఇందులో మనవాళ్లు చాలామంది తికమక పడుతుంటారు.

ఫెడరల్ చట్టం, అంటే 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకి యాంటిక్ కింద లెక్క. యాంటిక్ అయితే ఆ చట్టం దృష్టిలో అది ఫైర్‌ఆర్మ్ కాదు, డీలర్ దగ్గర కొన్నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారాలు నింపే పని ఉండదు. 1849 పాకెట్ తయారీ 1873కే ఆగిపోయింది కాబట్టి మీ కోల్ట్‌కి ఆ డౌటే లేదు. స్మిత్ సంగతి అలా కాదు, ఆ .38 డబుల్ యాక్షన్ 1880లో మొదలై 1899 దాటాక కూడా చాలా ఏళ్లు వచ్చింది, కాబట్టి సీరియల్ నంబర్ చూసి ఏ మోడలో ఏ ఏడాదో తేల్చుకోవాలి. బ్యారెల్ మీద 1880ల పేటెంట్ తేదీ ఉంది కాబట్టి అప్పటిదే అని అమ్మేవాళ్లు అంటారు, అది తప్పు, పేటెంట్ తేదీ పేటెంట్ ఎప్పుడొచ్చిందో చెప్తుంది, గన్ ఎప్పుడు తయారైందో కాదు. రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ చూడండి, బ్యారెల్ మీద 1858 సెప్టెంబర్ 14 అని పేటెంట్ తేదీ ఉంటుంది, దాన్ని పట్టుకుని లోకమంతా 1858 రెమింగ్టన్ అనే పిలుస్తుంది, నిజానికి ఆ మోడల్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఫ్యాక్టరీలో 1863 నుంచి 1875 దాకా వచ్చింది.

1899లో గానీ తర్వాత గానీ తయారైనవి కొనాలనిపిస్తే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ ఉంది, టైప్ 03 అంటారు, 3 ఏళ్లకి 30 డాలర్లు. 50 ఏళ్లు దాటిన గన్లు వేరే రాష్ట్రం నుంచైనా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు, కానీ ప్రతి కొనుగోలూ ప్రతి అమ్మకమూ పుస్తకంలో రాయాలి, వ్యాపారం చేయకూడదు. ఇది కలెక్షన్ కోసమే.

ఇవన్నీ ఫెడరల్ రూల్స్. రాష్ట్రాల రూల్స్ వేరు. మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు, అక్కడి చట్టం కూడా 1899కి ముందు వాటిని వేరుగానే చూస్తుంది. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్నవాళ్లు మాత్రం ఈ పోస్ట్ చదివి కొనేయకండి, అక్కడ యాంటిక్ అనే మాటకి నిర్వచనమే వేరు. అలాగే హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఫైర్‌ఆర్మ్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టంలోనే ఉంది, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. యాంటిక్ ఆ కిందకి రాదు కదా అని సొంతంగా అర్థం చేసుకుని గ్రీన్ కార్డు ముందు రిస్క్ చేయడం కన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగడం మంచిది.

ఇక పాత_ఇనుము గారితో ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. మళ్లీ ప్లేటింగ్ చేసిన స్మిత్ కొనకూడదు అన్నట్టు రాశారు. నేను టాప్ బ్రేక్‌లే సేకరిస్తా, నన్నడిగితే అవి చాలా చిన్నచూపుకి గురైన గన్లు. ఒకసారి ఆ లాచ్ ఎత్తి బ్యారెల్ కిందికి వంచి చూడండి, మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఐదు ఖాళీ తొడుగుల్నీ ఒకేసారి బయటికి నెట్టి మళ్లీ టక్కున లోపలికి పడిపోతుంది, అదీ చేత్తో ఏమీ తాకకుండా. మెషిన్ డిజైన్ చేసే మనిషి అది ఒకసారి చూస్తే వదలడు. రీప్లేట్ అయినది 200 డాలర్లకి ఇస్తే తీసుకోండి, విప్పి నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు. 450కి మాత్రం వద్దు.

ఇంకోటి, రీఫినిష్ అన్నీ ఒక్కటి కాదు. స్మిత్ అండ్ వెసన్‌కే తిరిగి పంపి చేయించినవి ఉంటాయి, అలాంటి వాటి మీద సీరియల్ నంబర్ దగ్గర చిన్న నక్షత్రం గుర్తు కొట్టేవాళ్లు. అది ఉంటే కనీసం పని చేసినవాళ్లు ఎవరో తెలుస్తుంది.

---

పాత_ఇనుము:

అక్కా, 200కి అయితే నేనూ ఒప్పుకుంటా, నేర్చుకోవడానికి మంచిదే. నేను అన్నది మెరుపు చూసి ఒరిజినల్ రేటు ఇవ్వొద్దని. కొత్తగా వచ్చేవాళ్లు మెరిసేదాని దగ్గరే ఆగిపోతారు, టేబుల్ మీద దాన్ని ముందు వరసలో పెట్టేది కూడా అందుకే.

టాప్ బ్రేక్‌ల గురించి అన్నారు కాబట్టి కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తా. సిలిండర్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తొలిచి వెనక నుంచి తూటా పెట్టే ఆలోచన మీద రోలిన్ వైట్‌కి 1855 ఏప్రిల్ 3న పేటెంట్ వచ్చింది. ఆయన ముందు కోల్ట్‌లో పనిచేసినవాడే. స్మిత్ అండ్ వెసన్ వాళ్లు ఆ పేటెంట్ వాడుకునే హక్కు తీసుకుని గన్‌కి 25 సెంట్ల రాయల్టీ ఇస్తామన్నారు, కానీ పేటెంట్‌ని కాపాడుకునే కోర్టు ఖర్చులన్నీ వైట్ మీదే వేశారు, ఆయన సంపాదించింది చాలావరకు ఆ కేసులకే పోయింది. 1857లో వాళ్ల మొదటి .22 రివాల్వర్ మోడల్ 1 వచ్చింది. 1869లో పేటెంట్ గడువు అయిపోయేదాకా కోల్ట్, రెమింగ్టన్ లాంటి పెద్దవాళ్లు కూడా అలాంటిది సొంతంగా చేయలేకపోయారు, అందుకే సివిల్ వార్ (1861-65 అమెరికా అంతర్యుద్ధం) అంతా ఎక్కువగా మందు, గుండు, క్యాప్ రివాల్వర్లతోనే నడిచింది, వెనక నుంచి తూటా పెట్టే కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873 దాకా రాకపోవడానికీ ఇదొక కారణం. ఈ వరస తెలిస్తే టేబుల్ మీద ఏ గన్ చూసినా అది ఏ కాలందో, ఎందుకు అలా ఉందో మనకే అర్థమవుతుంది.

---

కొత్త_కలెక్టర్_టెక్సస్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నిన్న అమ్మేవాడి షాపుకే వెళ్లి మళ్లీ చూశా.

స్మిత్: హ్యామర్, ట్రిగ్గర్ రెండూ నికెలే, మిగతా గన్ లాగానే మెరుస్తున్నాయి. బ్యారెల్ పక్కన రెండు గుంటలు, లోపల కూడా మెరుపే. నక్షత్రం గుర్తు కనపడలేదు.

కోల్ట్: ముందు పుల్ల పెట్టి చూశాం, ఐదు గదులూ ఖాళీ. నంబర్లు ఫ్రేమ్, గార్డ్, బ్యాక్‌స్ట్రాప్, బ్యారెల్, లీవర్, ఇరుసు అన్నీ ఒక్కటే, సిలిండర్ మీద కూడా అవే అంకెలు. వెడ్జ్ మీద మాత్రం వేరే నంబర్. ఒక నిపుల్ సగం విరిగిపోయింది. సిలిండర్ బొమ్మ ఒక పక్క సగం పోయింది, ఇంకో పక్క గుర్రాలూ బండీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. గ్రిప్ అడుగున బ్యాక్‌స్ట్రాప్ ఇత్తడి, గార్డ్ మూలల్లో వెండి పూత ఆనవాళ్లు కొంచెం ఉన్నాయి. బ్యారెల్ పైన అడ్రస్‌లో కల్నల్ శామ్యూల్ కోల్ట్, న్యూయార్క్, యూఎస్ అమెరికా అని ఉంది. కంపెనీ హార్ట్‌ఫర్డ్ కదా, న్యూయార్క్ అని ఉందేంటి, డూప్లికేటా?

మార్షల్ కథకి కాగితం ఏదైనా ఉందా అంటే, ఎవరో టైప్ చేసిన ఒక పేజీ చూపించాడు, సంతకం ఉంది, తేదీ లేదు, సీరియల్ నంబర్ కూడా రాయలేదు. ఆ కాగితం వల్లే 850 అంటున్నాడు.

---

పాత_ఇనుము:

న్యూయార్క్ అడ్రస్ గురించి భయపడకు, అది సరైనదే. గన్లు హార్ట్‌ఫర్డ్‌లో చేసినా చాలా వాటి మీద న్యూయార్క్ అడ్రస్సే కొట్టేవాళ్లు. కల్నల్ అన్న మాట ఉందంటే ఆ మోడల్ తయారీలో చివరి భాగానికి చెందినది, సుమారు 1860 తర్వాతది. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది ఎవరూ చెడగొట్టని మంచి గన్. ఆ వెండి ఆనవాళ్లు చాలా విలువైనవి, మూలల్లో మాత్రమే మిగలడం సహజం, చేయి తగిలే చోట ముందు పోతుంది. బ్రాసో లాంటి పాలిష్ పెట్టి ఇత్తడి మెరిపిద్దామని పొరపాటున కూడా అనుకోకు.

వెడ్జ్ నంబర్ కలవకపోవడం పెద్ద లోపం కాదు, విప్పిన ప్రతిసారీ బయటికి వచ్చేది అదే, పోయేదీ అదే, కానీ రేటు తగ్గించమనడానికి కారణం. సిలిండర్ నంబర్ కలవకపోయి ఉంటే మాత్రం నేను వదిలేయమనేవాణ్ణి. విరిగిన నిపుల్‌ని అలాగే ఉంచు, కాల్చేది లేదు కదా, దాన్ని తీయబోయి సిలిండర్‌లో మరలు పాడుచేసినవాళ్లు బోలెడంతమంది.

---

నలుపు_పొడి:

కథ గురించి నేను రాస్తా, నా ఆసక్తి అంతా అందులోనే.

ఆ కాగితానికి విలువ సున్నా. సీరియల్ నంబర్ లేని కాగితం ఏ గన్ పక్కన పెట్టినా సరిపోతుంది, ఈ కోల్ట్ అమ్మేశాక రేపు ఇంకో దాని పక్కన పెట్టొచ్చు. నిజమైన ప్రొవెనెన్స్, అంటే గన్ ఎవరెవరి చేతులు మారిందో చెప్పే సాక్ష్యం, ఎలా ఉంటుందో చూడండి. ఒకప్పటి షెరీఫ్ బ్యాట్ మాస్టర్‌సన్ 1885 జూలై 24న డాడ్జ్ సిటీలోని ఆపెరా హౌస్ సెలూన్ లెటర్‌హెడ్ మీద కోల్ట్ కంపెనీకి ఉత్తరం రాశాడు, తనకి నికెల్ పూత వేసిన .45 కావాలని, బ్యారెల్ పొడవు ఎజెక్టర్ రాడ్ (ఖాళీ తొడుగుల్ని నెట్టే కడ్డీ) అంత ఉంటే చాలని, ముందు సైట్ (గురి చూసే ముక్క) కాస్త ఎత్తుగా, మందంగా పెట్టమని. ఆ ఉత్తరం ఉంది, కంపెనీ దగ్గర ఆయనకి పంపిన రికార్డూ ఉంది, సీరియల్ నంబర్ ఉంది, మూడూ కలుస్తాయి. 2021 ఆగస్టులో షెరీఫ్ పాట్ గ్యారెట్ బందిపోటు బిల్లీ ద కిడ్‌ని కాల్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బు ఉక్కు ముక్కకి రాలేదు, అది చేతులు మారిన ప్రతి మలుపుకీ కాగితం ఉండబట్టి వచ్చింది.

కొత్త కలెక్టర్ గారు తర్వాత ఎప్పుడైనా సింగిల్ యాక్షన్ ఆర్మీకి వెళ్తే కోల్ట్ ఆర్కైవ్స్ నుంచి ఫ్యాక్టరీ లెటర్ తెప్పించుకోవచ్చు. ఏ తేదీన పంపారు, ఎవరికి పంపారు, ఏ క్యాలిబర్, బ్యారెల్ ఎంత, ఏ ఫినిష్ అని అందులో ఉంటుంది. లెటర్‌లో 7½ అంగుళాలు, నీలం అని ఉండి చేతిలో ఉన్నది 4¾ అంగుళాలు, నికెల్ అయితే ఎవరో మార్చారని తేలిపోతుంది. స్మిత్ అండ్ వెసన్‌కి కూడా వాళ్ల హిస్టారికల్ ఫౌండేషన్ ద్వారా లెటర్ వస్తుంది. పెర్కషన్ కాలం కోల్ట్‌లకి మాత్రం మిగిలిన రికార్డులు చాలా తక్కువ, 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ కాలిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కాబట్టి ఈ 1849కి గన్నే సాక్ష్యం.

ఒక హెచ్చరిక కూడా. నంబర్లు కలవకపోతే తప్పు అనేది కూడా గుడ్డిగా పట్టుకోవద్దు. ఆర్మీకి కొన్న 7½ అంగుళాల సింగిల్ యాక్షన్లని 1895 నుంచి వెనక్కి తెప్పించి, బ్యారెల్ 5½ అంగుళాలకి కోసి, పార్టులు కలగాపులగం చేసి మళ్లీ పంపిణీ చేశారు, వాటినే ఇప్పుడు ఆర్టిలరీ మోడల్ అంటున్నాం. వాటి మీద నంబర్లు కలవకపోవడమే న్యాయం, అన్నీ కలిసి ఉన్న ఆర్టిలరీ కనిపిస్తే దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. అదే సివిల్ వార్ కాన్ఫెడరేట్ (దక్షిణ రాష్ట్రాల పక్షం) రివాల్వర్లయితే కొత్తవాళ్లు అసలు ముట్టుకోకపోవడం నయం, గ్రిస్‌వోల్డ్ లాంటి ఇత్తడి ఫ్రేమ్ గన్లకి నకిలీలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇటలీలో చేసిన కొత్త కాపీల మీద ప్రూఫ్ మార్కులు (పరీక్షించినట్టు కొట్టే ముద్రలు), చిన్న పెట్టెలో ఏడాది కోడ్ అరగదీసి, యాసిడ్ పెట్టి తుప్పు పట్టించి పాతవిగా అమ్మేవాళ్లున్నారు. అరగదీసిన చోట లోహం కొంచెం పల్లంగా ఉంటుంది, టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే నీడ పడుతుంది.

---

31_క్యాలిబర్:

కొన్నాక ఎలా దాచాలో కూడా చెప్పేస్తే పని అయిపోతుంది. లెదర్ హోల్‌స్టర్‌లో పెట్టి దాచొద్దు, చూడ్డానికి ఎంత బాగున్నా సరే, తోలు తేమ పీలుస్తుంది, తోలు పదును చేసిన రసాయనాలు లోహాన్ని తింటాయి. ఫోమ్ పెట్టెలు కూడా అంతే. సేఫ్‌లో తేమ 50 శాతం దగ్గర ఎటూ పోకుండా నిలకడగా ఉంటే చాలు, చిన్న డీహ్యుమిడిఫయర్ రాడ్డో సిలికా జెల్లో పెట్టుకోండి. పట్టుకునేటప్పుడు గ్లౌజులు, పట్టుకున్న తర్వాత మెత్తటి బట్టతో తుడిచి మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పలచగా ఒక పూత, మ్యూజియంలలో వాడేదే. ఎర్ర తుప్పు పొడిలా రాలుతుంటే మాత్రం నూనె వేసి ఒక రోజు నాననిచ్చి ముతక బట్టతో నెమ్మదిగా తీయండి, గోధుమ పొర జోలికి పోకుండా.

స్క్రూలు విప్పాలని చేతులు దురద పెడతాయి, ముఖ్యంగా మెషిన్ మనిషికి. విప్పే ముందు ఆ గాడి వెడల్పుకి, మందానికి సరిగ్గా సరిపోయేలా రెండు వైపులా సమానంగా అరగదీసిన బ్లేడున్న స్క్రూడ్రైవర్ సెట్ కొనుక్కోండి, హార్డ్‌వేర్ షాపులో దొరికే కోసుగా ఉన్న మామూలు స్క్రూడ్రైవర్ పెడితే గాడి అంచు లేచిపోతుంది, 160 ఏళ్లు నిలిచింది ఒక్క తిప్పుకి పోతుంది.

తర్వాత కొనేవాటి గురించి కూడా, గ్రిప్ ఏనుగు దంతం అయితే ఆగండి. ఫెడరల్‌గా 100 ఏళ్లు దాటినట్టు రుజువు కావాలి, న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సొంత నిషేధాలు ఇంకా గట్టిగా ఉన్నాయి.

---

కొత్త_కలెక్టర్_టెక్సస్:

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. శనివారం వెళ్లి ఆ కాగితం నాకు అక్కర్లేదు, గన్ ఒక్కటే కావాలి, వెడ్జ్ నంబర్ వేరు, నిపుల్ విరిగింది, 700 అయితే తీసుకుంటా అని అడుగుతా. స్మిత్ కూడా 200కి వస్తుందేమో అడిగి చూస్తా, అక్క చెప్పిన ఆ ఎక్స్‌ట్రాక్టర్ లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడాలని ఉంది. ఒక్క డౌట్, ఆ స్మిత్ 1899లోదో తర్వాతదో అని తేలితే ఏం చేయాలి?

---

ఒహాయో_అక్క:

అప్పుడు అది మామూలు హ్యాండ్‌గన్ కిందే లెక్క. డీలర్ దగ్గర కొంటే ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక ఇస్తాడు, మీరు సిటిజెన్ కాబట్టి ఇబ్బంది ఉండదు. సీరియల్ నంబర్ గ్రిప్ అడుగున ఉంటుంది, సిలిండర్ వెనక వైపు కూడా అదే ఉందో లేదో చూడండి. కుడి గ్రిప్ జాగ్రత్తగా తీసి లోపలి వైపు చూస్తే గీకిన నంబర్ కనిపించవచ్చు, అదీ కలిస్తే గ్రిప్ కూడా ఆ గన్‌తోనే పుట్టిందని. గ్రిప్ తీసేటప్పుడు గోటితో లాగొద్దు, స్క్రూని కాస్త వదులు చేసి దాని తల మీద మెల్లగా నొక్కితే అవతలి గ్రిప్ దానంతటదే లేస్తుంది, లేకపోతే పాత రబ్బరు గ్రిప్ మూల పుటుక్కున విరుగుతుంది. నంబర్ ఇక్కడ పెట్టండి, ఏ మోడలో చూసి చెప్తా.